పడమర వాకిలి, రోహిణి కార్తె ఎండ: 60 గజాల ఖాళీ జాగాను ఎలా తీర్చిదిద్దుకోవాలి?

పోరంకి వాకిలి · ఏప్రిల్ 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడ పక్కన పోరంకిలో మాది పడమర ముఖం ఇల్లు. 5 సెంట్ల స్థలంలో ఇల్లు పోను ముందు వైపు 30 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతున జాగా మిగిలింది. అంటే సరిగ్గా 60 గజాలు. ఒకప్పుడు వరి పొలం. ఇల్లు కట్టే ముందు గ్రావెల్ తోలించి మెరక చేశారు. ఇప్పుడక్కడ ఒక కరివేపాకు చెట్టు, తులసి కోట తప్ప ఇంకేమీ లేవు.

మధ్యాహ్నం రెండు దాటితే వరండాలోకి రాలేకపోతున్నాం. రాత్రి భోజనాలయ్యాక కూడా ముందు గది గోడ చేత్తో తాకితే వేడిగానే ఉంటోంది. ఏప్రిల్‌లోనే ఇలా ఉంటే రోహిణి కార్తెలో ఎలా ఉంటుందో! మామగారు మొత్తం గచ్చు చేయించి పైన రేకులు వేయిద్దామంటున్నారు. అత్తగారికి పూల మొక్కలు కావాలి. పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక పరిపించాలని నా కోరిక. పెద్దవాడికి ఆరేళ్ళు, పాపకు మూడు. బోరు ఉంది, నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. ఈ వేసవిలోనే పని మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

నీటిబొట్టు · ఏప్రిల్ 18, రాత్రి 10:25

ముందు పచ్చిక సంగతి తేల్చుకోండి, ఎందుకంటే నీళ్ళ లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మన వైపు మే నెల ఎండకు పచ్చికకు రోజుకు 6 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు కావాలి. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. మీ 60 గజాలు దాదాపు 50 చదరపు మీటర్లు. మొత్తం పచ్చిక వేస్తే రోజూ 300 లీటర్లు, అంటే ఒకటిన్నర డ్రమ్ము. మీవి ఉప్పు నీళ్ళు కూడా కాబట్టి నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం మట్టిలోనే పేరుకుంటుంది. రెండు వేసవులు గడిచేసరికి పైన తెల్లటి పొర కడుతుంది.

అదే చెట్టుకైతే, నాటిన కొత్తలో కూడా రెండు రోజులకోసారి 10 నుంచి 15 లీటర్లు చాలు. అది పెరిగి నీడ ఇస్తుంది. పచ్చిక నీడ ఇవ్వదు.

పచ్చిక ప్రియం · ఏప్రిల్ 19, ఉదయం 6:15

నీటిబొట్టు గారి లెక్క సరైనదే కానీ, 60 గజాలూ వేయమని ఎవరూ అనడం లేదు కదా. పిల్లలు దొర్లడానికి 10 అడుగులకు 8 అడుగుల ముక్క ఉన్నా చాలు, అది ఏడున్నర చదరపు మీటర్లే. రోజుకు 45 లీటర్లు, మూడు బకెట్లు. మూడేళ్ళ పాపకు మట్టి, గడ్డి కాళ్ళకు తగలకుండా పెంచడం నాకైతే మంచిదనిపించదు.

గడ్డి ఎంపిక మాత్రం జాగ్రత్తగా చేసుకోండి. నర్సరీలో మెత్తగా కనిపించే కొరియన్ గడ్డి చూడగానే మనసు లాగుతుంది, కానీ అది నెమ్మదిగా పరుచుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. మన గరిక జాతి గడ్డి ఎండకు ఎండిపోయినట్టు కనిపించినా వేరు బతికే ఉంటుంది, ఒక్క వాన పడితే మళ్ళీ లేస్తుంది. ఉప్పు నీళ్ళనూ చాలావరకు తట్టుకుంటుంది. దానికి పడనిది నీడ. కాబట్టి చెట్టు ఎక్కడో ముందే నిర్ణయించుకుని, దానికి దూరంగా గడ్డి వేయండి.

గుణదల గట్టు · ఏప్రిల్ 19, ఉదయం 8:50

చెట్టు ఎక్కడ పెట్టాలో చెప్పే ముందు సూర్యుడి సంగతి చూద్దాం. దీన్ని మన ఇళ్ళ ప్లాన్లలో ఎవరూ పట్టించుకోరు. విజయవాడ ఉన్నది 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఆయన మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. మే నెలాఖరులో అస్తమించేది కూడా సరిగ్గా పడమరన కాదు, దాదాపు 20 డిగ్రీలు ఉత్తరానికి జరిగి. కాబట్టి మీ గోడను కాల్చే సాయంత్రపు ఎండ వాయవ్యం వైపు నుంచి వస్తోంది. వాకిలి మధ్యలో చెట్టు నాటితే చూడటానికి అందంగా ఉంటుంది గానీ, మీకు కావలసిన సమయంలో నీడ పక్కకు పోతుంది. పడమర ప్రహరీకి దగ్గరగా, వాయవ్యం మూల వైపు జరిపి నాటండి. ఇంటి గోడకు కనీసం 12 అడుగుల దూరం ఉండాలి. పైన కరెంటు తీగలున్నాయేమో తప్పకుండా చూసుకోండి.

చెట్టు విషయంలో నా ఓటు వేపకు, తర్వాత కానుగకు. రెండూ మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, అసలు ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకుతో నిండుగా ఉంటాయి. ఉగాదికి వేప పూత మనకు తెలిసిందే. ఇంతకంటే కాలమెరిగి నడుచుకునే చెట్టును నర్సరీలో కొనలేరు. వేప ఎదగడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఈలోపు పక్కనే ఒక మునగ నాటుకోండి, ఏడాదిలోనే పలుచని నీడ ఇస్తుంది, కాయలూ వస్తాయి. వేప పుంజుకున్నాక మునగ తీసేయవచ్చు.

గచ్చు పని · ఏప్రిల్ 19, ఉదయం 11:30

నేను ఇళ్ళు కట్టించే వాణ్ణి. మీ మామగారి మాటను పూర్తిగా కొట్టివేయకండి. పెద్దవాళ్ళు వానాకాలం బురదలో జారకుండా గేటు నుంచి గుమ్మం దాకా నడవడానికి గట్టి దారి కావాలి. వయసు మళ్ళిన వాళ్ళున్న ఇంట్లో అది అందం కోసం చేసే పని కాదు. అలాగే ఇంటి పునాది చుట్టూ 3 అడుగుల వెడల్పున గచ్చు వేసి, వాలు బయటి వైపుకు ఇవ్వండి. మీరు పైన గ్రావెల్ పోసినా కింద ఉన్నది పాత వరి పొలం బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. పునాదికి ఆనించి పూల మడి వేసి రోజూ నీళ్ళు పెడుతుంటే గోడకు ఒక వైపు తడి, ఒక వైపు పొడి అయి బీటలు వస్తాయి. గచ్చుకు అవతలే మొక్కలు పెట్టుకోండి.

ఇవి రెండూ పోగా మిగిలిన చోటంతా నేల నేలలాగే ఉండనివ్వండి. మొత్తం గచ్చు చేస్తే పగలంతా వేడిని తాగి రాత్రి వరండాలోకి వదులుతుంది, వాన నీరు ఒక్క చుక్క ఇంకదు. రేకుల విషయం మరీ అన్యాయం. కాగిన రేకు కింద కూర్చోవడం ఎండలో కూర్చోవడం కంటే ఏమంత మేలు కాదు.

దారికి నల్లటి కడప బండ వద్దు, ఎండకు ఒట్టి కాలు పెట్టలేరు. లేత రంగు బండలైతే నయం. పేవర్ బ్లాకులు వేయిస్తే కింద కాంక్రీటు బెడ్డు పోయనివ్వకండి. కంకర పరచి, పైన ఇసుక వేసి, అందులో కూర్చోబెట్టమనండి. సందుల్లోంచి నీరు దిగుతుంది. మేస్త్రీలు కాంక్రీటు బెడ్డే గట్టిదని పట్టుబడతారు. మనుషులు నడిచే చోటికి, స్కూటర్ పెట్టే చోటికి అది అక్కరలేదు.

ఈశాన్యం · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 1:05

వాస్తు ప్రకారం కూడా పెద్ద చెట్లు పడమర, దక్షిణాల్లో ఉండటమే మంచిది. వాయవ్యంలో కంటే నైరుతిలో బరువు ఉంటే ఇంకా శ్రేష్ఠం. ఈశాన్యం మాత్రం ఖాళీగా వదలండి.

గుణదల గట్టు · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 1:20

నైరుతిలో నాటితే వేసవి సాయంత్రం గోడ మీద నీడ పడదండీ. అక్కడ నిమ్మో దానిమ్మో పెట్టుకుంటే సరిపోతుంది.

నిర్వాహకులు · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 2:00

వాస్తు మీద వచ్చిన మరో పదకొండు సందేశాలను వేరే చర్చగా విడదీశాం. ఇక్కడ ఎండ, నేల, నీరు, మొక్కల గురించి కొనసాగించండి.

నల్లరేగడి గుంటూరు · ఏప్రిల్ 19, రాత్రి 8:45

చెట్టు ఏది, గడ్డి ఏది అనే ముందు నేలలో ఏముందో చూడాలి. మెరక చేసిన స్థలంలో పైన కనిపించేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి. గునపంతో రెండడుగులు తవ్వి చూడండి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, ప్లాస్టిక్ సంచులు రావడం మామూలే. గ్రావెల్‌లో సారం ఉండదు, నీటిని పట్టుకోదు. దాని కింది బంకమట్టి నీటిని వదలదు. ఈ రెండింటి మధ్యన వేరు ఇరుక్కుంటుంది.

చెట్టు గుంత మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు ఉండాలి. గ్రావెల్ పొర దాటి కింది మట్టి తగలాలి. మే నెలలోనే తవ్వి రెండు మూడు వారాలు ఎండకు వదిలేయండి. మట్టిలోని పురుగులు, తెగుళ్ళు ఆ ఎండకే చాలావరకు పోతాయి. వేసవిలో మొక్క నాటకపోయినా చేయగల మంచి పని ఇదే. తర్వాత పొలం పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. బంకమట్టి గుల్లబారడానికి ఇసుక కలపమని చాలామంది చెబుతారు. కొద్దిపాటి ఇసుకతో ఏ మేలూ జరగదు, ఇంకా గట్టిపడుతుంది. ఆ డబ్బు ఎరువుకు పెట్టండి.

మరో సంగతి. మన నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలావరకు కడియం వైపు నుంచి వచ్చేవే. అవి కవరులో ఎర్రమట్టి ముద్దతో ఉంటాయి. ఆ ముద్దను అలాగే నల్లమట్టిలో దించితే, చుట్టూ నేల తడిగా ఉన్నా ముద్ద లోపల పొడిగా ఉండిపోతుంది. పైన చూస్తే పాదు నిండా నీళ్ళు, మొక్క మాత్రం వాడిపోతుంది. నాటే ముందు ముద్దను నీళ్ళ బకెట్‌లో బుడగలు ఆగే దాకా ముంచి, అంచుల మట్టిని వేళ్ళతో వదులు చేసి, కవరు గుండ్రంలో చుట్టుకుపోయిన వేళ్ళను విడదీయండి. ముందు నెల రోజులు నీళ్ళు పాదు అంచున కాకుండా మొదలు దగ్గరే పోయండి.

నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నారు కాబట్టి మట్టి పరీక్ష చేయించుకోండి. గుంటూరు పక్కన లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఉంది, లేదంటే మీ మండల వ్యవసాయాధికారిని అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఐదారు చోట్ల పైచెత్త తీసి, వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట చేసి, అంచు నుంచి పలుచగా మట్టి గీయండి. అన్నీ కలిపి, నీడన ఆరబెట్టి, అర కిలో తీసుకెళ్ళండి. సోడియం ఎక్కువని తేలితేనే జిప్సం వేయాలి. ఊరికే వేయకూడదు.

మల్లెపందిరి · ఏప్రిల్ 20, ఉదయం 7:30

వేప పెరిగేదాకా నాలుగేళ్ళు ఆగమంటున్నారు, మునగ అయినా వచ్చే వేసవికి గానీ రాదు. ఈ మే నెల ఎండకు ఏమిటి? రేకుల బదులు చలువ పందిరి వేయించండి! మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ, వేసవికీ ఇంటి ముందు వేసేదే. సరుగుడు గుంజలు నాటి, పైన వెదురు కట్టి, తాటాకు కప్పితే ఈ వేసవికి వారం తిరిగేలోపే నీడ దొరుకుతుంది. తాటాకులో సందులుంటాయి కాబట్టి వేడిగాలి పైకి పోతుంది. సాయంత్రం ఆకు మీద కాసిని నీళ్ళు చల్లితే కింద హాయిగా ఉంటుంది. తాటాకు దొరక్కపోతే కొబ్బరి మట్టల తడికలు, అదీ కాకపోతే 50 శాతం ఎండను ఆపే షేడ్ నెట్. 75 శాతం నెట్ వేస్తే కింద పూల మొక్కలకు వెలుతురు చాలదు. గాలివానలు మే నెలలోనే వస్తాయి, తాళ్ళు గట్టిగా కట్టించండి.

గుంజలను ఇనుప పైపులతో శాశ్వతంగా పెట్టుకుంటే వానలు పడ్డాక దాని మీదికి తీగలు పాకించవచ్చు. దొండ పాదు అంటు కొమ్మ నాటితే రెండు మూడు నెలల్లో కాపుకు వస్తుంది. పూలకైతే రాధామనోహరం. పడమటి ఎండ ఎంత ఉంటే అంత పూస్తుంది, సాయంత్రం తెల్లగా విచ్చి మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. తీగను నేరుగా గోడకు పాకనివ్వకండి. గోడకు అడుగు దూరంలో తీగల చట్రం పెట్టించండి. ఆ సందులో గాలి ఆడితేనే గోడ చల్లబడుతుంది.

అత్తగారి కోసం మల్లె తప్పనిసరి. గుండుమల్లె పొద, పందిరి అక్కరలేదు, ఎండ పుష్కలంగా కావాలి. మైలవరం వైపు మల్లె రైతులు చేసే పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది: చలికాలంలో నీళ్ళు ఆపి, ఆకు దూసి, మోకాలి ఎత్తుకు కత్తిరించి, తర్వాత ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు పెట్టాలి. వేసవంతా విరగబూస్తుంది. కత్తిరించడానికి మనసొప్పని వాళ్ళ ఇళ్ళలో పొద పెద్దదవుతుంది, పూలు మాత్రం దోసెడు కూడా రావు.

పోరంకి వాకిలి · ఏప్రిల్ 20, రాత్రి 10:10

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. చలువ పందిరి మాట వినగానే మామగారు సరేనన్నారు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ప్రతి వేసవికీ వేసేవారట.

మరికొన్ని సందేహాలు. నర్సరీ వాళ్ళు ప్రహరీ వెంట కోనోకార్పస్ వరుసగా పెట్టుకోమంటున్నారు, నీళ్ళు అక్కరలేదని, త్వరగా పెరుగుతుందని. పెట్టవచ్చా? గన్నేరు కూడా చెప్పారు. మొక్కలు ఎక్కువైతే పాములు వస్తాయని అత్తగారి భయం, దానికేమంటారు?

గుణదల గట్టు · ఏప్రిల్ 20, రాత్రి 10:35

కోనోకార్పస్ వద్దు. త్వరగా పెరిగే మాట నిజమే, ఆ వేళ్ళు కూడా అంతే త్వరగా డ్రైనేజీ పైపుల్లోకి, నీటి పైపుల్లోకి పోతాయి. పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులూ వస్తాయని 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది. ప్రహరీ వెంట నందివర్ధనం, గోరింట, మందారం కలిపి పెట్టుకోండి. ఒకదానికి చీడ పట్టినా వరుసంతా పోదు.

మల్లెపందిరి · ఏప్రిల్ 21, ఉదయం 6:50

మూడేళ్ళ పాప ఉన్న ఇంట్లో గన్నేరు వద్దు, పచ్చగన్నేరు అసలే వద్దు. దాని కాయ గింజలు ప్రాణాంతకం. ఎండకు తట్టుకునే రంగు కావాలంటే కాగితపు పూల చెట్టు ఉంది, ముళ్ళుంటాయి కాబట్టి పిల్లలు తిరగని మూలన పెట్టండి. దానికి నీళ్ళు ఎంత తగ్గిస్తే అంత పూస్తుంది.

పాముల విషయానికి వస్తే, అవి మొక్కల కోసం రావు, ఎలుకల కోసం, కప్పల కోసం వస్తాయి. మిగిలిన ఇటుకలు, కర్రలు గోడ వారన పేర్చి ఉంచకండి. పొదల కింది కొమ్మలు నేల నుంచి అడుగు ఎత్తు దాకా కత్తిరించి, కింద నేల కనబడేలా ఉంచండి. నడిచే దారి మీద రాత్రి దీపం ఉండాలి.

సింగ్‌నగర్ పెరడు · ఏప్రిల్ 21, ఉదయం 9:15

అందరూ ఎండ గురించే మాట్లాడుతున్నారు, నేను వాన గురించి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. బొప్పాయి, మునగ ముందుగా పోయాయి, వాటి వేళ్ళకు ఊపిరాడక కుళ్ళిపోయాయి. కొబ్బరి, కానుగ నిలిచాయి. అంత వరద మీకు రాకపోవచ్చు, కానీ పాత వరి పొలం మీద కట్టిన కాలనీల్లో జోరువాన పడితే నీరు నిలవడం మామూలే. మునగ పెడితే అడుగు ఎత్తు మట్టి కట్ట మీద పెట్టండి. నా మటుకు వేప కంటే కానుగకే ఓటు.

ఇంకుడు గుంత కూడా ఈ పనిలోనే కలిపేయండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు వస్తాయి, అదంతా ఇప్పుడు వీధి కాలువలోకి పోతోంది. డాబా పైపును గుంతలోకి తిప్పితే కొన్నేళ్ళకు మీ బోరు ఉప్పదనం కూడా కొంత తగ్గే అవకాశం ఉంది. గుంత పునాదికి 10 అడుగుల దూరాన, అడుగున పెద్ద రాళ్ళు, మధ్యన కంకర, పైన ఇసుక ఉండాలి. అయితే బంకమట్టిలోనే ఆపేస్తే నీరు ఇంకదు, ఇసుక పొర తగిలే దాకా మధ్యలో ఒక సన్నటి బోరు వేయించాలి.

నీటిబొట్టు · ఏప్రిల్ 21, రాత్రి 8:00

ఇంకుడు గుంతతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నీళ్ళు పెట్టే పద్ధతి గురించి కూడా చెప్పాలి. మధ్యాహ్నం మొక్క వాడిందని పైపు తిప్పకండి. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్ళు చేయి కాలేంత వేడిగా ఉంటాయి, డాబా ట్యాంకు నీళ్ళూ అంతే. తెల్లవారుజామున పెట్టడం అన్నిటికంటే మంచిది. చెట్లకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండేసి పెట్టుకుంటే చాలు. ఉప్పు నీళ్ళకు వాటి రంధ్రాలు పూడుకుపోతుంటాయి, అప్పుడప్పుడు విప్పి కడగాలి.

పూల మొక్కల మధ్య మట్టి కుండలు పాతండి. రంగు, నునుపు పూత లేని మామూలు కుండను మెడ దాకా పాతి నీళ్ళు నింపితే చుట్టూ నేల మెల్లగా తడుస్తుంది. పైన మూత తప్పనిసరి, లేకపోతే వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు ఉండదు, దాన్ని పట్టి కుండీలకు పోయండి. నీళ్ళ శుద్ధి యంత్రం వదిలే నీళ్ళు మాత్రం మొక్కలకు వద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. గచ్చు కడుక్కోవడానికి వాడుకోండి.

పాదుల్లో మూడంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండాకు గానీ పరవండి, మొదలుకు జానెడు దూరం వదిలి. ఇంటి గోడ దాకా పరిస్తే చెదలకు దారి ఇచ్చినట్టే.

పోరంకి వాకిలి · ఏప్రిల్ 23, రాత్రి 9:30

ఈ రోజు గునపంతో తవ్వించాం. ఒకటిన్నర అడుగు గ్రావెల్, దాని కింద నల్లటి బంకమట్టి. మేం అనుకున్నది ఇది: పునాది పక్కన 3 అడుగుల గచ్చు, గేటు నుంచి గుమ్మానికి 4 అడుగుల దారి ఇసుక మీద పేవర్లతో, వరండా ముందు ఇనుప గుంజల పందిరి, వాయవ్యాన కానుగ, నైరుతిన నిమ్మ, ఎండ బాగా పడే దక్షిణపు ముక్కలో 10 అడుగులకు 8 అడుగుల గరిక, ప్రహరీ వెంట నందివర్ధనం, గోరింట, మందారం, మల్లె. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. ముందు దారి వేయించాలా, గుంతలు తీయించాలా?

గచ్చు పని · ఏప్రిల్ 24, ఉదయం 6:40

ముందు భూమిలోకి పోయేవన్నీ. సోమవారం మొదట ఇంకుడు గుంత, చెట్ల గుంతలు, పందిరి గుంజల గుంటలు తవ్వించండి. తీసిన గ్రావెల్ బయటకు తోలించకండి, దారి కింద పరవడానికి పనికొస్తుంది. దారి అడ్డంగా రెండు చోట్ల ఖాళీ పైపు ముక్కలు పాతి ఉంచండి, డ్రిప్పు పైపులూ దీపం వైరూ అందులోంచి పోతాయి. ఇది మరిచిపోతే తర్వాత పేవర్లు పీకాలి. ఆ తర్వాత గచ్చు, దారి, పందిరి. మే 10 లోపు ఇవన్నీ అయిపోతాయి, రోహిణికి తాటాకు కింద ఉంటారు.

నల్లరేగడి గుంటూరు · ఏప్రిల్ 24, ఉదయం 7:15

మొక్కలు మాత్రం ఇప్పుడే కొనకండి. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఒక్క జల్లుకు తొందరపడకుండా, రెండు మంచి వానలు పడి నేల లోపలి దాకా తడిశాక నాటండి. కానుగ మొక్క ఆరడుగులది తేవద్దు, నడుము ఎత్తుది చాలు, అదే త్వరగా వేరు పట్టి రెండేళ్ళలో పెద్దదాన్ని దాటిపోతుంది. పశువుల ఎరువు మాత్రం ఇప్పుడే తోలించి పెట్టుకోండి, వానలు మొదలయ్యాక అందరూ దానికే ఎగబడతారు, ట్రాక్టరు దొరకదు.

మల్లెపందిరి · ఏప్రిల్ 24, ఉదయం 7:50

మల్లె అంటు కొనాల్సిన పని లేదు. మా పెరట్లో గుండుమల్లె కొమ్మలు వేరు పట్టించి ఉన్నాయి, జూన్‌లో మీకు నాలుగు ఇస్తాను. ఉండేది కానూరులోనే, వ్యక్తిగత సందేశం పంపండి.